చలనచిత్రము పాఠ్యవిషయమగుట

మా మిత్రులొకరు మొన్న సాయంకాలము మా యింటి యరుగుమీద కూర్చుండి తమ బాధ నొకదానిని చెప్పుకొనిరి. వారి పెద్ద కుమారుడు ఇంగ్లండులో స్థిరపడియున్నాడు. పదునారేండ్ల మనుమడు పాఠశాలలో తుది రెండేండ్ల చదువునకు మూడు విషయముల నెన్నుకొనెను: గణితము, చరిత్ర, సినిమా. "డేరా సినిమాకు పారిపోయిన పిల్లవానిని మనము బెత్తముతో నింటికి తెచ్చినవారము. వీడు దానికే పరీక్ష వ్రాయునట!" అని వారి గోడు.

ఆ గోడును నేను తేలికగా త్రోసివేయలేదు. మూడింటిలో నొకటి యనగా చదువులో మూడవవంతు గదా. కావున ఆ చదువెట్టిదో విచారించితిని.

ఇంగ్లండులో పదునారు మొదలు పదునెనిమిదేండ్ల వయస్సువరకు సాగు నీ తరగతులకు సిక్స్త్ ఫారమని పేరు. పూర్వము మన చెన్నరాజధాని ఉన్నత పాఠశాలలలో గూడ ఆరవ ఫారమే తుది తరగతి. పేరొక్కటే గాని చదువు వేరు. అది మన యింటర్మీడియెటునకు సాటి. తుది పరీక్షను ఏ లెవెల్ అందురు. ఆ పరీక్షకు చలనచిత్రమును విషయముగా నెన్నుకొను వారికై ఎడ్యుకాస్ అను పరీక్షాసంస్థ యేర్పరచిన ప్రణాళిక 2017 సెప్టెంబరులో బోధనకు వచ్చినది. దానిప్రకారము విద్యార్థి 11 చిత్రములను శ్రద్ధతో చదువవలెను. చదువుట యనియే యనుచున్నాను, చూచుట యని కాదు. రెండున్నర గంటల ప్రశ్నపత్రములు రెండు. ఒక్కొక్కదానికి నూటికి 35 పాళ్లు. పరీక్షాశాలలో తెర యుండదు, బొమ్మ యుండదు. సన్నివేశమంతయు మనస్సున నిలుపుకొని వ్రాయవలసినదే. మిగిలిన 30 పాళ్లు స్వయముగా చేసిన పనికి: నాలుగైదు నిమిషముల చిత్రమైనను తీయవలెను, లేదా చిత్రకథనమైనను వ్రాయవలెను, ఆపైన తాను చేసినదానిని తానే విమర్శించి వ్రాయవలెను. నటులను తయారుచేయు చదువు కాదిది.

మరి యిందులో నేర్చునదేమి? తోలుబొమ్మలాట నొకసారి స్మరింపుడు. సీతమ్మ బొమ్మకు ముఖము మారదు. చెక్కిన కన్ను చెక్కినట్లే యుండును. అయినను రావణుడు ప్రక్కకు వచ్చినపుడు ఆమె భయపడినట్లును, హనుమంతుడు వచ్చినపుడు ఆమె మురిసినట్లును మనము చూచితిమి. ప్రక్కబొమ్మయు పాటయు మన కంటిచేత ఆ పని చేయించినవి. రష్యాలో 1920 ప్రాంతమున కులెషోవ్ అను దర్శకుడు దీనినే చిత్రములో పరీక్షించి చూచెను. మొఝూఖిన్ అను నటుని నిర్వికారమైన ముఖమును చూపి, వెంటనే ఒక పులుసుగిన్నెను చూపెను. మరల అదే ముఖము, వెంటనే శవపేటిక. చూచినవారు ఆ నటుని యాకలిని, దుఃఖమును మెచ్చుకొనిరని ఆయన సహచరుడు పుదోవ్కిన్ వ్రాసెను. ముఖము మాత్రము రెండుమార్లును ఒక్కటే! తునుకలను అతుకుటలోనే అర్థము పుట్టుచున్నదన్నమాట. ఈ అతుకును కూర్పు అందురు. కామెరా నిలిపిన చోటు, వెలుగు, దుస్తులు, ధ్వని, అభినయము — ఇవన్నియు నిట్లే పరిశీలింపబడును.

ప్రణాళికలో మూకీ చిత్రముల కొక స్థానము కలదు. ఆ స్థానమున చదువదగినవానిలో మూర్నౌ తీసిన సన్‌రైజ్ ఒకటి, 1927 నాటిది. కథ మనకు క్రొత్తది కాదు. ఒక పల్లెటూరి సంసారి పట్టణపు స్త్రీ మాయలో పడును. భార్యను పడవలోనుండి నీట ముంచివేయుమని ఆమె బోధించును. రాత్రివేళ అతడు చిత్తడినేలలో ఆమెను కలియ బోవుచుండగా, కామెరా తొలుత అతని వెంట నడచును. పిమ్మట అతనిని విడిచి పొదలను త్రోసికొని ముందుకు పోయి, అతనికంటె ముందుగా మనలనే ఆమెయెదుట నిలుపును. తప్పుదారిని మనమే నడచినట్లగును. నీట ముంచుమను మాటలు తెరపై నక్షరములుగా కనబడి, ఆ యక్షరములే నీట మునిగినట్లు క్రిందికి జారిపోవును. దీనిని గుర్తించిన బాలుడు, రేపు వ్యాపారప్రకటనను గాని ఎన్నికల ప్రచారచిత్రమును గాని చూచినపుడు, తన్నెవరు ఏ దారిని నడిపించుచున్నారో అడుగక మానడని నాకు తోచుచున్నది. ఒక చిత్రము ఎవరి పక్షమున నిలిచి మాటాడుచున్నదను ప్రశ్నయు ప్రణాళికలో నున్నదే. 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డ జమీందారుల కెంత కంటగింపైనదో పెద్దల వలన వినినవారి కీ ప్రశ్న వింతగా తోపదు.

ఇక నచ్చని మాటయు చెప్పవలెను. 11 చిత్రములలో నాలుగింటి స్థానములు అమెరికాకే కేటాయింపబడినవి. ఐరోపాకు వెలుపలి యితర ప్రపంచమునకు దక్కిన ప్రత్యేక స్థాన మొక్కటే; జపాను, ఇరాను, ఆఫ్రికా, మన భారతదేశము అందరును ఆ యొక్క పీటకే పోటీపడవలెను. ఇది న్యాయమని నేననజాలను.

మా మిత్రుల ముఖ్యమైన భయము వేరు: ఈ చదువుతో విశ్వవిద్యాలయపు తలుపు మూసికొనునా? ప్రవేశమునకు లెక్కించు పాయింట్లలో భేదము లేదు; ఏ లెవెల్‌లో ఏ శ్రేణికి గణితమున 48 యైనచో సినిమాకును 48. ఇరువదినాలుగు పెద్ద విశ్వవిద్యాలయముల కూటమియగు రస్సెల్ గ్రూపు, మేలైన విషయములని కొన్నిటిని ప్రత్యేకించి ఒక పట్టిక నుంచెడిది. అందులో గణితము, చరిత్ర కలవు, సినిమా లేదు. ఆ పట్టికను 2019లో విడిచిపెట్టిరి. అయినను కొన్ని శాఖలు తమకు కావలసిన విషయమును పేరుపెట్టి యడుగును. వైద్యము చదువగోరువానికి సాధారణముగా రసాయనశాస్త్ర ముండితీరవలెను. కాబట్టి సినిమా యేలయని గాక, ముందేమి కాదలచితివని మనుమని నడుగుట మేలని చెప్పితిని.

వారు ఫోనులో నడిగిరట. వైద్యము మాట వాని తలపులోనే లేదు; న్యాయశాస్త్రము చదువునట. మాట ముగియబోవుచుండగా మా మిత్రులు, "అది సరేగాని, ఆ పడవలో పిల్ల బ్రదికిందా?" అని యడిగిరట. "చెబితే ఏం బాగుంటుంది? మీరే చూడండి తాతయ్యా" అని వాడు నవ్వెనట.