శెనక్కాయల్లో పోలీసు జీతం

సాయంత్రం వసారాలో కూర్చుని ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుంటుంటే మా మనవడు ఫోన్లోంచి తలెత్తాడు.

"తాతా, అమెరికాలో పోలీసుల జీతాలు పెంచాలంటే ఊరి కౌన్సిల్లో కొట్లాడుకుంటారంట. మన పెనుకొండ నగర పంచాయతీ పోలీసులకు ఎంతిస్తుంది?"

"ఒక్క పైసా ఇవ్వదు రా."

వాడు నమ్మలా. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో పోలీసు రాష్ట్రాల జాబితాలో ఉంది. పట్టణాలకు అప్పగించదగిన పనులు పన్నెండో షెడ్యూల్లో 18 రాశారు. వీధి దీపాలు, శ్మశానాలు, బందెలదొడ్లు, ఆఖరికి మంటలార్పే పని కూడా ఉంది గానీ పోలీసు లేదు. అందుకే స్టేషన్లో హెడ్డు జీతం పెరిగినా మన ఇంటి పన్ను కదలదు. అడగాల్సింది అసెంబ్లీలో. అది దూరం కాబట్టి మనం అడగం.

పెనుకొండ కోటను ఏలిన విజయనగర రాజ్యంలో ఈ లెక్క ఎదురుగానే ఉండేది. 1443లో హంపీ చూసిన హెరాత్ రాయబారి అబ్దుర్ రజాక్ రాసిపెట్టాడు: కొత్వాలు కింద 12,000 మంది భటులు, వాళ్ల జీతం రోజుకు 12,000 పణాలు, ఆ సొమ్ము వేశ్యావాటికల రాబడి. తలకు రోజుకో పణం! (రాబడి ఎక్కడిదని మనవడు అడిగితే "ఒక రకం పన్ను" అని దాటేశాను.)

"మరి ఇప్పుడెంత పెంచారు?"

2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం తన ఉద్యోగులందరికీ పదకొండో పీఆర్సీ (వేతన సవరణ) ఇచ్చి, 23 శాతం ఫిట్‌మెంట్ అంది.

"వందకు ఇరవై మూడా! బాగానే ఉందే!"

"ఆగు" అని పళ్లెం ముందుకు లాగాను. వంద గింజలు లెక్కపెట్టి ఓ కుప్ప పోశాను. ఇది మూలవేతనం. పక్కన 30 గింజలు, ఇవి కరువు భత్యం (డీఏ). బియ్యం, నూనె ధరలు పెరిగినందుకు ఇచ్చేది, కొత్తగా కలిసొచ్చిందేమీ కాదు. ఇప్పుడు ఫిట్‌మెంట్, అంటే అసలు పెంపు, 23 గింజలు. మూడు కుప్పలూ కలిపేస్తే అదే కొత్త మూలవేతనం.

"ముందు నీ చేతిలో ఉన్నవెన్ని?"

"నూటముప్పై."

"నూటముప్పై మీద ఇరవై మూడు ఎంత శాతం?"

వాడు ఫోన్ తీశాడు. పద్దెనిమిదికి కాస్త తక్కువ.

అదీ కిటుకు. కొత్తగా చేరిన కానిస్టేబుల్ పాత మూలవేతనం రూ. 16,400. దానికి 2018 జూలై నాటి 30.392 శాతం డీఏ, 23 శాతం ఫిట్‌మెంట్ కలిపితే 25,156 చిల్లర. స్కేల్లో ఆ పై మెట్టు 25,220, అదే కొత్త జీతం.

ఇంకో మెలిక ఉంది. 2019 జూలై నుంచే మధ్యంతర భృతి కింద 27 శాతం ఇస్తూ వచ్చారు. అంటే 23 గింజల చోట 27 గింజలు అప్పటికే తింటున్నారు. పెంపు వచ్చేసరికి నాలుగు తగ్గాయి! అదే డీఏ అనుకుని లెక్కేస్తే కానిస్టేబుల్‌కు నెలకు దాదాపు ఆరొందలు తక్కువ. అందుకే ఫిబ్రవరి 3న ఉద్యోగులు విజయవాడ వీధులు నింపేశారు. వాళ్లను ఆపడానికి లాఠీ పట్టుకుని నిలబడ్డ పోలీసుల జీతమూ ఆ పీఆర్సీలోదే. వాళ్లు మాత్రం జెండా పట్టి రోడ్డెక్కడానికి లేదు.

"ఎంత పెంచినా పని అంతేగా, తాతా?"

మంచి ప్రశ్నే వేశాడు. విలియం బౌమోల్ అనే అమెరికా ఆర్థికవేత్త 1960లలో దీన్నే పట్టుకున్నాడు. నలుగురు కూర్చుని వాయించే కచేరీకి వందేళ్ల కింద నలుగురు కావాలి, ఇప్పుడూ నలుగురే కావాలి. మన ఎర్రమంచి కియాలో మరమనుషులు వెల్డింగ్ చేస్తే కార్లు గబగబా తయారవుతాయి, అక్కడ జీతం పెంచినా గిట్టుతుంది. కూడలిలో పోలీసు చెయ్యి మాత్రం ఒకటే. ఒక రాత్రి గస్తీకి ఒక రాత్రంతా పడుతుంది. ఖర్చు పెరుగుతూనే ఉంటుంది.

"అయితే పెంచకుండా ఉంటే?"

"ఆ కానిస్టేబుల్ పిల్లోడు కియా గేటు ముందు వరసలో నిలబడతాడు. ఖర్చెంతని నువ్వు అడగొద్దనడం లేదు, అడుగు. శాతం చెబితే మాత్రం దేని మీద శాతమో ముందు అడుగు."

మాటల్లో పడి చూసుకోలేదు. నా ఫిట్‌మెంట్ కుప్పలో తొమ్మిది గింజలే మిగిలాయి.