పెద్ద ఆపరేషను తర్వాత నొప్పి – ఓర్చుకోకండి, చెప్పండి

దంపతులారా!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు పెద్ద ఆపరేషనుతో జరిగాయి. అలా కాన్పయి నిడమనూరు చుట్టుపక్కల పల్లెలకు తిరిగి వచ్చిన బాలింతలు మీ వీధిలోనూ ఉంటారు. "ఆడదన్నాక ఆమాత్రం ఓర్చుకోవాలి" అని వాళ్ళతో అనకండి.

నొప్పి ఎందుకు? చర్మం, లోపలి పొరలు, గర్భసంచి – అన్నిటినీ కోసి కుట్టారు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువ. బిడ్డ పాలు తాగేటప్పుడు పొత్తికడుపు మెలిపెడితే భయపడకండి. గర్భసంచి ముడుచుకుంటోందన్న మాట. నొప్పికి భయపడి తల్లి కదలకపోతే కాళ్ళలో రక్తం గడ్డకట్టవచ్చు. బిడ్డకు పాలివ్వడమూ కష్టమే.

మాత్రలు: డాక్టరుగారు రాసిన పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు. నొప్పి ముదిరేదాకా ఆగక, చెప్పిన వేళకు వేసుకోవాలి. కడుపులో పుండు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు ఉంటే ముందే చెప్పండి. దుకాణంలో అడిగి వేరే మాత్రలు కొనకండి.

లేచే పద్ధతి: పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించి, చేత్తో ఊతం తీసుకుని లేవాలి. దగ్గు వస్తే కుట్లమీద దిండు అదిమి పట్టుకోవాలి. డాక్టరుగారు చెప్పగానే మెల్లగా నడవాలి. పక్కకు పడుకుని పాలివ్వవచ్చు.

పథ్యం: పప్పు తింటే, నీళ్ళు తాగితే చీము పడుతుందంటారు. అది నిజం కాదు. చీము క్రిములవల్ల వస్తుంది. నీళ్ళు, పప్పు, ఆకుకూరలు పెట్టండి. మలబద్ధకం ఉంటే ముక్కినప్పుడు కుట్లు నొప్పెడతాయి. కుట్లకు పసుపు, నూనె రాయకండి.

భర్తకు ఒక మాట: ఆరు వారాలపాటు ఆమె బిడ్డకంటే ఎక్కువ బరువు ఎత్తరాదు. నీళ్ళ బిందె మీరే ఎత్తండి. నాట్లకు పంపకండి.

ఇవి కనబడితే ఆగకండి: జ్వరం, కుట్లనుంచి చీము, రోజురోజుకూ పెరిగే నొప్పి, విపరీతమైన రక్తస్రావం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం. వెంటనే 108కి ఫోను చేయండి.

మళ్ళీ కాన్పు ఎప్పుడు? గర్భసంచి గాయం గట్టిపడాలి. కనీసం రెండేళ్ళు నిండేదాకా మళ్ళీ గర్భం రాకుండా చూసుకోండి. ముందే చెబితే ఆపరేషను సమయంలోనే కాపర్-టి వేస్తారు. పిల్లలు చాలనుకుంటే మగవారికి కోతలేని వేసెక్టమీ ఉంది. ఒకసారి కడుపు కోయించుకున్న ఇల్లాలికి మరో ఆపరేషను తప్పుతుంది.

సందేహముంటే ఇద్దరూ కలిసి మీ ఆరోగ్య కేంద్రానికి రండి. నర్సమ్మను అడగండి.

తల్లి నొప్పి తగ్గితే బిడ్డకు పాలు, ఇంటికి సుఖం!