తెలిసిన తరువాత తేలికేనా?

పొడుపుకథ విప్పగానే "ఓస్, ఇంతేనా!" అంటాము. పేటెంటు వివాదాలలో న్యాయమూర్తులకు ఎదురయ్యే చిక్కు ఇదే. ఒక వస్తువు కొత్తదైనంత మాత్రాన అమెరికాలో పేటెంటుకు తగదు. ఆ రంగంలో సామాన్య నైపుణ్యం కలవారికి నాటి విజ్ఞానంతో ఇట్టే స్ఫురించేది కాకూడదన్న షరతు 1952లో చట్టానికెక్కింది.

మన ఇళ్లలో పెద్దలు రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ కథ చూడండి. ఫైజర్ సంస్థ మొదట తయారుచేసినది దాని మేలియేట్ లవణం. అది నిలవలో చెడేది, మాత్రలు ఒత్తే యంత్రానికి అంటుకొనేది. అక్కడి శాస్త్రజ్ఞులు మరికొన్ని ఆమ్లాలతో లవణాలు చేసి చూసి, బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లంతో వచ్చిన బెసిలేట్ మేలని తేల్చారు. దానికి వేరే పేటెంటు లభించింది. అపోటెక్స్ అనే కెనడా సంస్థ దానిని సవాలు చేసింది. కింది కోర్టులో ఫైజర్ గెలిచింది. 2007 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగవేసింది.

ఔషధ లవణాలకు పనికివచ్చే 53 ఆనయానుల పట్టిక 1977లోనే ఒక వ్యాసంలో అచ్చయింది. అందులో బెసిలేటూ ఉంది. అయితే నాటి మందులలో దాని వాడుక 0.25 శాతమే! ఏ లవణం ఎలా ప్రవర్తిస్తుందో ముందుగా చెప్పలేమని ఫైజర్ వాదించింది. అది నిజమే, ప్రయోగశాలలో పనిచేసిన వారెవరూ కాదనరు. కాని ఫలిస్తుందన్న సహేతుకమైన ఆశ ఉంటే చాలునని, పూర్తి నిశ్చయం అక్కరలేదని కోర్టు అన్నది. మేలియేట్‌తో ఇబ్బంది వస్తే వేరే లవణాలు ప్రయత్నించడం ఈ వృత్తిలో నిత్యకృత్యమే కదా.

నా మటుకు తీర్పు సబబే అనిపిస్తుంది. ఓపికతో చేసిన పరీక్షలన్నిటికీ గుత్తాధిపత్యం ఇస్తూ పోతే చవక మందు రోగికి ఆలస్యంగా అందుతుంది. అయినా ఒక శంక వదలదు. జవాబు తెలిసిన మనకు 53 చిన్న సంఖ్య. తెలియనివానికి ఆ పట్టికలో ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరు చెప్పారు?

ఆ మే నెలలో కోర్టు పూర్తి ధర్మాసనం పునర్విచారణకు నిరాకరించగా ముగ్గురు న్యాయమూర్తులు విభేదించారు. వారిలో పాలీన్ న్యూమన్, ఆలన్ లౌరీ ఇద్దరూ రసాయనశాస్త్రంలో డాక్టరేటు పొందినవారు.