పానా పట్టడం నేర్పితే సరిపోతుందా?

విజయవాడ ఆటోనగర్‌లో పని బడిలో కాదు, షెడ్డులో ఒంటబడుతుంది. పానాలు అందించే కుర్రాడు మేస్త్రి చెయ్యి చూసి ఇంజను విప్పడం, వెల్డింగు, లారీ బాడీ కట్టడం నేర్చుకుంటాడు. అంతవరకూ గురువు చాలు. మరి సొంత షెడ్డు పెట్టాలంటే? స్థలం, అప్పు, లారీ ఓనర్ల పరిచయం కావాలి. ఇవి చేతిపనితో రావు. చుట్టరికంతో, అంటే కులంతో వస్తాయి. పనొచ్చిన దళితుడు కూలి దగ్గరే ఆగిపోయేది ఇక్కడే.

అప్రెంటిస్ చట్టానికి 1973లో తెచ్చిన సవరణ శిక్షణలో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఇచ్చింది. 2012లో కేంద్రం తన కొనుగోళ్లలో వాళ్ల చిన్న పరిశ్రమలకు 4 శాతం కేటాయించింది. షెడ్డు కుర్రాడికి ఈ సంగతి చెప్పేదెవరు? ముందు నిలదొక్కుకున్న మన మేస్త్రీలే చెప్పాలి. పని నేర్పి ఊరుకోకుండా బ్యాంకులో హామీ ఉండాలి, బేరాలు పంచాలి. వాళ్లకు కులమే పెట్టుబడి. మనకు సంఘం పెట్టుబడి కావాలి.