అగ్గిపెట్టెలో పట్టిన బండి

ఇంగ్లండులో ఒక బడి. పిల్లలు ఇంటినుండి తెచ్చుకొనే ఆటవస్తువు అగ్గిపెట్టెలో పట్టేటంతటిదైతేనే అక్కడ అనుమతి. అందులో చదువుకొనే తన కుమార్తెకోసం లెస్నీ అనే లండను సంస్థలో భాగస్వామియైన జాక్ ఒడెల్ ఇత్తడితో చిన్న రోడ్డురోలరు చేసి ఇచ్చాడు. తోటిపిల్లలందరూ తమకూ అటువంటిది కావాలన్నారు. 1953లో మొదలైన 'మ్యాచ్‌బాక్స్' బండ్లకు ఆ బడినియమమే మూలం.

కరిగించిన జింకు మిశ్రలోహాన్ని ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి పంపి ఈ బండ్లను పోతపోస్తారు. అచ్చు ఒకటే, బండ్లు లక్షలు. 1982లో లెస్నీ దివాలా తీసింది. ఆ పేరు చేతులు మారుతూ 1997లో మాటెల్ సంస్థకు చేరింది. తొలినాటి నమూనాలు మాత్రం మళ్ళీ పోతపోసుకొని, పాతకాలపు పెట్టెలతో సహా అంగళ్ళకు వచ్చాయి.

వాటిని ఏరికోరి కొనేవారిలో తలనెరసినవారే ఎక్కువ. చిన్ననాడు మట్టిలో పోగొట్టుకొన్న బండిని వారు ముదిమిలో వెదకుకొంటారు. దొరికిన తరువాత పలువురు పెట్టెను విప్పరు. విప్పితే విలువ తగ్గుతుందని భయం. అందువల్ల రంగు చెదరదు, ఇరుసు వంగదు. కాని ఆనాటి బండిని తమదిగా చేసినవి చెదరిన ఆ రంగూ, వంగిన ఆ ఇరుసూ కావా? ఆ గీతలను ఏ అచ్చూ పోతపోయజాలదు. ఆడే చేయి గీయవలసినదే.

బడికి వెళ్ళడానికి పుట్టిన బొమ్మ అద్దాల బీరువాలో ఆగిపోవడం వింత. కొన్నవాటిలో ఒక్క పెట్టెనైనా విప్పి మనుమడి చేతిలో పెట్టిననాడు ఆ పునర్జన్మ సార్థకమవుతుంది.