లోతు రంధ్రాల గన్ డ్రిల్లింగ్: సాధారణ సమస్యలు, పరిష్కారాలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• గన్ డ్రిల్ పనిచేసే తీరును వివరించగలుగుతారు.
• లక్షణాన్ని బట్టి సమస్యకు కారణాన్ని గుర్తించగలుగుతారు.

1. పరిచయం

రంధ్రం లోతు దాని వ్యాసానికి సుమారు 10 రెట్లు మించితే దానిని లోతు రంధ్రం అంటారు. తుపాకీ గొట్టాల కోసం రూపొందిన గన్ డ్రిల్‌ను నేడు ప్లాస్టిక్ మౌల్డుల్లో నీటి దారులకూ, క్రాంక్ షాఫ్టుల్లో ఆయిల్ దారులకూ వాడుతున్నారు. బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో మౌల్డు తయారీ నేర్చుకున్నవారికీ, వనస్థలిపురం ఆటోనగర్‌లో ఇంజన్లు విప్పి చూసినవారికీ ఇలాంటి దారులు పరిచయమే.

2. పనిచేసే తీరు

గన్ డ్రిల్‌కు కోత అంచు ఒకవైపే ఉంటుంది. ఆ కోత బలం డ్రిల్‌ను పక్కకు నెడుతుంది. ఆ ఒత్తిడిని గైడ్ ప్యాడ్లు రంధ్రపు గోడకు ఆనించి భరిస్తాయి. అందువల్ల డ్రిల్ తాను చేసిన రంధ్రాన్నే ఆధారం చేసుకొని నిటారుగా సాగుతుంది. మొదట గోడ ఉండదు కాబట్టి గైడ్ బుష్ గాని, పైలట్ రంధ్రం గాని తప్పనిసరి. డ్రిల్ లోపలి దారి గుండా అధిక పీడనంతో వెళ్ళిన కూలెంట్, చిప్పులను వి ఆకారపు గాడి ద్వారా బయటకు తెస్తుంది.

3. సమస్యలు, కారణాలు

3.1 చిప్పులు ఇరుక్కోవడం: చిప్పులు పొట్టిగా, వంకర తిరిగి రావాలి. పొడవాటి తీగలుగా వస్తే ఫీడ్ తక్కువగానో, అంచు మొద్దుబారో ఉండవచ్చు. పీడనం హఠాత్తుగా పెరిగితే గాడి మూసుకుపోతోందని అర్థం. తగ్గితే పంపు, ఫిల్టరు, లీకులు చూడాలి.

3.2 రంధ్రం పక్కకు జరగడం: బుష్, స్పిండిల్ ఒకే అక్షంపై లేకపోవడం, బుష్ అరగడం, పొడవాటి షాంక్‌కు మధ్యలో ఆధారం లేకపోవడం ముఖ్య కారణాలు.

3.3 ముఖద్వారం వెడల్పు కావడం: ఇది ఎక్కువగా అరిగిన బుష్ వల్ల జరుగుతుంది. డ్రిల్‌కూ బుష్‌కూ మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే ఉండాలి.

3.4 గోడపై గీతలు: కూలెంట్‌లో మురికి, అధిక వేడి, అరిగిన ప్యాడ్లు దీనికి కారణాలు.

4. ఒక ఉదాహరణ

నేను చూసిన ఒక వర్క్‌షాపులో, దాదాపు పూర్తయిన మౌల్డు ప్లేటులో 8 మి.మీ. వ్యాసం, 400 మి.మీ. లోతు గల రంధ్రం చేస్తుండగా డ్రిల్ విరిగింది. ముక్కను ఎలాగో తీసి, కొత్త డ్రిల్ బిగించిన ఆపరేటరు భయంతో ఫీడ్‌ను సగానికి తగ్గించాడు. అదీ విరిగింది. పది రోజుల శ్రమ పడిన ప్లేటు పనికిరాకుండా పోయింది. అసలు కారణం మూసుకుపోయిన ఫిల్టరు. కూలెంట్ చాలక చిప్పులు నిలిచాయి. ఫీడ్ తగ్గించడంతో చిప్పు పలచబడి, తెగకుండా తీగలా సాగి, గాడిని మరింత మూసింది. నెమ్మదిగా పోవడమే జాగ్రత్త అన్న సూత్రం ఇక్కడ చెల్లదు.

లెక్క: కోత వేగం నిమిషానికి 70 మీటర్లు అనుకుంటే, భ్రమణాలు = 1000 × 70 ÷ (3.14 × 8) = సుమారు 2,785. భ్రమణానికి ఫీడ్ 0.02 మి.మీ. అయితే నిమిషానికి సుమారు 56 మి.మీ. 400 మి.మీ. లోతుకు 7 నిమిషాలకు కొంచెం పైగా పడుతుంది.

5. భద్రత

పొడవాటి డ్రిల్‌ను రంధ్రం బయట పూర్తి వేగంతో తిప్పరాదు. కొరడాలా ఊగి విరుగుతుంది. పైలట్ రంధ్రంలోకి నెమ్మదిగా పంపి, కూలెంట్ తెరిచి, ఆ తరువాతే వేగం పెంచాలి. వెనక్కి తీసే ముందు భ్రమణం ఆపాలి. చిప్పులను చేతితో లాగరాదు.

6. సారాంశం

డ్రిల్ మార్చే ముందు వరుసగా కూలెంట్, చిప్పు, బుష్, అక్షం పరిశీలించండి. విరిగిన డ్రిల్ ఫలితమే తప్ప కారణం కాదు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. గన్ డ్రిల్లింగ్‌లో గైడ్ బుష్ ఎందుకు అవసరం?
2. పీడనం పెరగడానికీ, తగ్గడానికీ కారణాలను పోల్చి రాయండి.
3. పై ఉదాహరణలో ఫీడ్ సగానికి తగ్గిస్తే రంధ్రం పూర్తికావడానికి ఎంత సమయం పడుతుంది?