ఏటవాలు కిరణములు: లైకా ఎం9

కటకముల పాఠము ముగియుచుండగా ఒక విద్యార్థిని లేచి, "ఫిలిము ఉన్నచోట అంతే కొలత గల సెన్సారును పెట్టితే పాత కెమెరాయే డిజిటల్ కెమెరా అయిపోదా, మాస్టారూ?" అని అడిగినది. మంచి ప్రశ్న. ఫిలిము చట్రము పొడవు 36 మిల్లీమీటర్లు, వెడల్పు 24. ఆ కొలతకు సరిపడు సెన్సారు చేతికందినచో, తన వెనుక నున్నది రజతలవణమో సిలికాన్ పలకయో లెన్సుకు తెలియదు గదా అని ఎవరికైనను తోచును. అయినను జర్మనీ దేశపు లైకా సంస్థ, 1954లో ఎం3 కెమెరాతో ప్రవేశపెట్టిన, లెన్సును బిగించు మౌంటునే నిలుపుకొని, ఆ మౌంటుకు చేసిన లెన్సులు తమ పూర్తి దృశ్యక్షేత్రముతో పనిచేయు డిజిటల్ కెమెరాను లోకమునకు చూపుటకు 2009 సెప్టెంబరు 9 వరకు ఆగవలసివచ్చెను. ఆ కెమెరాయే ఎం9.

చిక్కు సెన్సారు కొలతలో లేదు, కిరణము వచ్చు కోణములో ఉన్నది. ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్సుకును ఫిలిముకును నడుమ ఒక అద్దము లేచుచు వాలుచు నుండును గనుక దానికి చోటు విడువక తప్పదు. నికాన్ ఎఫ్ మౌంటులో ఆ దూరము 46.5 మిల్లీమీటర్లు. లైకా ఎం శ్రేణిలో అద్దమే లేదు. ఛాయాగ్రాహకుడు లెన్సు గుండా గాక పైనున్న వేరొక గవాక్షము గుండా చూచి, అందు కనబడు రెండు ప్రతిబింబములను ఒకటిగా కలిపి దూరమును నిర్ణయించును. కావున మౌంటు ముఖమునుండి ఫిలిము వరకు 27.8 మిల్లీమీటర్లే చాలును. ఈ సౌలభ్యమును లెన్సుల రూపకర్తలు తనివితీర వినియోగించుకొనిరి. 21 మిల్లీమీటర్ల సూపర్ ఆంగులాన్ వంటి విశాలకోణ లెన్సుల వెనుకటి గాజు కెమెరా గర్భములోనికి చొచ్చుకొనిపోయి ఫిలిముకు మిక్కిలి చేరువలో నిలుచును. అవి చిన్నవై, తేలికవై, సరళరేఖలను వంచక చూపునవై యుండుటకు ఆ సామీప్యమే కారణము. వాటినుండి వెలువడు కిరణములు చిత్రపు మూలలను మిక్కిలి ఏటవాలుగా తాకుటకును అదియే కారణము.

ఫిలిముకు ఆ వాలుతో పేచీ లేదు. జిలటిను పలుచని పొరలో చెదరియున్న రజతలవణ కణము వెలుగు ఏ దిక్కునుండి వచ్చినను స్వీకరించును. సెన్సారు స్వభావము వేరు. అందలి ప్రతి పిక్సెలులోను కాంతిని విద్యుదావేశముగా మార్చు తావు అడుగున నుండును. దానిపై ఎరుపో, పచ్చయో, నీలమో ఒక వర్ణశోధకపు పొర యుండును. నడిమింటి సూర్యుడు బావి అడుగు నీటిని మెరపించును గాని, పొద్దు వాలిన పిదప అదే సూర్యుని కిరణము ఒరమీదనే ఆగిపోవును. పిక్సెలు గతియు నిట్టిదే. పలక నడుమనున్న పిక్సెళ్లకు వెలుగు నిండుగా అందును, మూలలందున్నవి చీకటిపాలగును. అంతేకాక, ఎర్రని పొరగుండా దిగిన వాలుకిరణము తన తావును తప్పి పొరుగు పిక్సెలులో పడుటచే అంచులలో వర్ణములు మారిపోవును.

అమెరికాలోని కోడాక్ సంస్థ ఈ చిక్కును విప్పిన తీరు నన్ను ఎన్నిసార్లు తలచుకొన్నను ముగ్ధుని చేయును. వెలుగును లోనికి పోగుచేయుటకై సెన్సారులోని ఒక్కొక్క పిక్సెలు నెత్తిమీద ఒక సూక్ష్మకటకమును అమర్చుట అప్పటికే తెలిసిన పద్ధతి. కోడాక్ ఇంజనీర్లు లైకా కొరకు చేసిన పలకలో, నడుమనున్న సూక్ష్మకటకములను సరిగా పిక్సెళ్ల నెత్తినే ఉంచి, అంచులకు పోవుకొలది ఒక్కొక్కదానిని తన పిక్సెలు నడిబొడ్డునుండి పలక కేంద్రమువైపునకు కొద్దికొద్దిగా జరిపిరి. లెన్సునుండి మూలలకు పోవు కిరణము నడుమనుండి బయటికి వాలి వచ్చుచుండును. లోపలివైపునకు జరిగియున్న సూక్ష్మకటకము దానికి ముందుగా ఎదురై, వంచి పంపగా, అది తన వాలులోనే ప్రయాణించి పిక్సెలు అడుగున ఉండవలసిన చోటనే దిగును. పిక్సెలు వెడల్పే ఏడు మైక్రాన్ల లోపు. ఈ జరుపు అందులో ఒక అంశము మాత్రమే. అది నడుమనుండి మూల వరకు క్రమముగా పెరుగుచు పోవలెను. అట్టి పిక్సెళ్లు ఎం9 పలకపై కోటి ఎనుబది లక్షలు.

ఈ పందెములో తొలి అడుగు లైకాది కాదు. 2004లో జపాను దేశపు ఎప్సన్ సంస్థ కోసినా వారి సాయముతో ఆర్-డి1 అను కెమెరాను తెచ్చెను. అదియు లైకా మౌంటు గలదే. చుట్టవలసిన ఫిలిము లేకపోయినను షట్టరును బిగించుటకు పాత కెమెరాలవలెనే చేతితో తిప్పు మీటను వారు నిలిపియుంచుట నాకు ఎంతయు ప్రియమైన విషయము. కాని అందలి సెన్సారు చిన్నది. 2006లో వచ్చిన లైకా ఎం8 సెన్సారు సహితము 27 మిల్లీమీటర్ల పొడవు, 18 వెడల్పు మాత్రమే. కిరణములు అత్యంత వాలుగా పడు మూలలను విడిచిపెట్టి చిక్కును తప్పించుకొన్నారన్నమాట.

ఆ ఎం8కు వచ్చిన కష్టము కూడ వాలుకిరణమునుండి పుట్టినదే. సెన్సారుపై కప్పు గాజు మందమైనచో ఏటవాలు కిరణము అందులో పక్కకు జరిగి, మూలలందు చిత్రము అలుకుకొనిపోవును. అందుచే లైకా వారు దానిని అర మిల్లీమీటరుకు పలుచన చేసిరి. అంత పలుచని గాజు పరారుణ కాంతిని చాలినంతగా ఆపలేకపోయెను. కృత్రిమ నూలుతో నేసిన నల్లని వస్త్రములు కొన్ని ఆ కాంతిని విశేషముగా ప్రతిఫలింపజేయును గనుక, నల్లకోటు ఛాయాచిత్రములో ఊదారంగున కనబడసాగినది! సంస్థవారు లెన్సు ముందు తొడుగుటకు పరారుణమును ఆపు ఫిల్టర్లను కొనుగోలుదారులకు ఉచితముగా పంపిరి. ఆ ఫిల్టరు గుణము కిరణపు కోణమునుబట్టి మారునట్టిది. కావున విశాలకోణ లెన్సులతో మూలలు నీలిపచ్చగా మారినవి. దీనికి మందు లెన్సు మౌంటుపైన చెక్కిన ఆరు చుక్కల గుర్తు. ఒక్కొక్క చుక్క నలుపో తెలుపో. రెండును ఆరుమార్లు గుణింపగా 64 సంకేతములు. కెమెరా మౌంటులోని కన్ను ఆ గుర్తును చదివి, ఇది ఫలానా లెన్సు అని గ్రహించి, దానికి తగిన సవరణను చిత్రమునకు చేయును.

ఎం9లో గాజు మందము 0.8 మిల్లీమీటర్లు, పరారుణమును తనలోనే ఇముడ్చుకొను జాతి గాజు అది. ముందు ఫిల్టరు అక్కరలేకపోయెను. గుర్తు చెక్కని పాత లెన్సు పేరును మెనూలో ఎంచుకొను ఏర్పాటును కల్పించిరి. ఆ గాజే కొన్నేండ్లకు క్షయించి పలు కెమెరాల చిత్రములందు మచ్చలు తెచ్చుటయు, సంస్థవారు సెన్సార్లను మార్చి ఇచ్చుటయు తరువాతి ముచ్చట. 2012లో అదే వంశమునుండి రంగు పొర లేని మోనోక్రోమ్ వెలువడెను. ఆ పిదప సీమాస్ అను వేరొక జాతి సెన్సార్లు, 2017లో ఎం10, 2022లో ఆరుకోట్ల పిక్సెళ్ల ఎం11 వచ్చెను. మౌంటు మారలేదు.

ఎం మౌంటుకు ముందున్న మరచుట్ల లెన్సులకు కావలసిన దూరము 28.8 మిల్లీమీటర్లు. సరిగా ఒక మిల్లీమీటరు మందము గల ఉంగరమును తొడిగినచో 1930ల నాటి లెన్సు సైతము నేటి ఎం కెమెరాపై నిలుచును. పెద్దలు విడిచిపోయిన అట్టి లెన్సు మీ ఇంట ఉన్నచో బీరువాలో బంధింపకుడు. మన తేమకు గాజుకు బూజు పట్టును. అప్పుడప్పుడు గాలియు వెలుతురును తగులనిచ్చి, వాడుకొనుడు.